పై మెట్టు మీద నీలవేణి

పరమేశంగారిని ఏమడిగినా ముందు "ఎక్కడ?" అనేవారు. దుఃఖమన్నా ఎక్కడ, దేవుడన్నా ఎక్కడ. తలనొప్పని వచ్చినవాణ్ణి కూడా ఎక్కడని అడిగారని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు.

ఒకనాడు పొద్దున్నే విస్సన్న అనే శిష్యుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "గురువుగారూ, మనసుకు కలిగినదాన్ని నమ్మవచ్చునా?" అన్నాడు.

"ఎక్కడ కలిగింది?"

"కొండమీద" అని తల వంచుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ కొండమీది గుడికి అభిషేకం నీళ్ళు కింది బావి నుంచే వెళ్ళాలి. మోసేవాడు దారిలో బిందె దించకూడదు, ఆగకూడదు, నోరు విప్పకూడదు. అది అక్కడి ఆచారం. పై మెట్టు మీద పూజారిగారి మనవరాలు నీలవేణి నిలబడి బిందె అందుకుంటుంది. ఆమె చేతికి బిందె ఇచ్చిన ప్రతిసారీ విస్సన్నకు గుండె దడదడలాడుతోంది, చెవులు వేడెక్కుతున్నాయి, మోకాళ్ళు వణుకుతున్నాయి. ఇది పూర్వజన్మ బంధమే అని అతను తేల్చేసుకున్నాడు. మర్నాడే మేనమామ వస్తున్నాడు, పొరుగూరి సంబంధానికి ఔనో కాదో తేల్చుకు వెళ్ళడానికి.

"పూర్వజన్మ దాకా తర్వాత వెళ్దాం నాయనా, ముందు మెట్ల దాకా వెళ్దాం" అన్నారు గురువుగారు.

మర్నాడు విస్సన్న ఎప్పటిలాగే బిందె మోసుకుపోయి పై మెట్టు మీద తలెత్తాడు. నీలవేణి లేదు. వంటశాల అప్పలస్వామి ఉన్నాడు, తడిబట్టతో, గుబురు మీసాలతో సహా. గుండె దడదడలాడింది. చెవులు వేడెక్కాయి. మోకాళ్ళు కూడా మాట తప్పలేదు.

"ఏటి బాబూ, నన్ను సూసి అలగైపోనావేటి?" అని అప్పలస్వామి ఒకడుగు వెనక్కి వేశాడు.

విస్సన్న మండపంలో కూలబడ్డాడు. కాసేపటికి ఊపిరి కుదుటపడింది గానీ మొహం కుదుటపడలేదు. పక్కనే కూర్చున్న గురువుగారితో, "అయితే అంతా మెట్లేనా? ఇంకేముంది, మామయ్యకు సరేనని చెప్పేస్తాను" అన్నాడు.

స్తంభం చాటు నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. నీలవేణి మజ్జిగ చెంబుతో ఇవతలికి వచ్చింది.

"నాకని దాచిన చూపంతా మా అప్పలస్వామికి ఇచ్చేశావటగా! పోనీలే, ఇకనుంచి నీ విస్తట్లో పప్పు దండిగా పడుతుంది."

విస్సన్నకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో ఠక్కున ఆగిపోయి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కూర్చునే ఉన్నాడు. భుజాన బిందె లేదు.

"ఎక్కడ?" అన్నారు గురువుగారు.

"ఇక్కడేనండీ. మెట్లు లేకుండానే."

అంతలో మేనమామ రొప్పుతూ పైకొచ్చాడు, ఆయన చెయ్యీ గుండె మీదే ఉంది. "ఈయనకీ నేనేనేటి!" అని అప్పలస్వామి వంటశాలలోకి పారిపోయాడు.

"వాళ్ళకేం చెప్పమంటావురా?" అన్నాడు మేనమామ.

విస్సన్న నీలవేణి వైపు చూశాడు. ఆమె మొహం చెంపల నుంచి చెవుల దాకా ఎర్రబడి ఉంది.

"ఏమిటలా చూస్తావు? ఎండ" అందామె.

గురువుగారు తలెత్తి, మండపం పైకప్పు కేసి చాలాసేపు శ్రద్ధగా చూశారు.

"మీరు కాస్త కూర్చోండి" అన్నారు మేనమామతో. "ఆ ఎండ ఎక్కడుందో కూడా చూసి చెబుతాం."