అసిరమ్మ రాయి

అనగనగా అనగానే రాజు వస్తాడనుకుంటారు. రాడు. ఈ కథలో ఒక ఎత్తు రోడ్డుంది, ఒక రాయుంది, ఆ రాయి పట్టుకున్న అసిరమ్మ ఉంది. గేరు మార్చనిదే కారు కదలని కాలం అది.

ఊరి చివర కొండ, కొండ అవతల ఆసుపత్రి, మధ్యలో నిటారుగా ఎక్కే రోడ్డు. కారు నేర్చుకునేవాళ్ళంతా అక్కడికే రావాలి. ఎత్తు మీద ఆగిన కారుని వెనక్కి జారకుండా ముందుకి కదిలిస్తేనే డ్రైవింగ్ వచ్చినట్టు. నేర్పే మేష్టారి కారుకి హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది. అందుకని వెనక చక్రం కింద రాయి పెట్టడానికి అసిరమ్మని పెట్టుకున్నాడు. రాయికి చెయ్యి ఆనించి ఎండలో కూర్చునేది పాపం.

లోపల మేష్టారు అరిచేవాడు, "క్లచ్ మెల్లగా వదలరా" అని. ఎంత మెల్లగానో ఆయనకే తెలీదు. అసిరమ్మకి తెలుసు. ఇంజిన్ అందుకోగానే కారు బరువు రాయి మీంచి పోతుంది. రాయి చేతిలో కదులుతుంది. "రాయి వదిలింది బాబూ. కాలు అక్కడే ఉంచి ఎక్సిలేటర్ తొక్కు" అనేది. కారు కదిలేది. పేరు మాత్రం మేష్టారికొచ్చేది.

ఆమెకి ఒక్కటే కోరిక, కారు నేర్చుకోవాలి. షోకు కాదండీ. కూతురు పైడమ్మకి పురుడు కష్టమైన రోజున పక్కింటివాళ్ళ కారు గుమ్మం ముందే ఉంది, తాళమూ ఉంది. నడిపేవాడు పెళ్ళికి పోయాడు. పైడమ్మ దక్కలేదు.

మొదటిసారి అడిగింది. "నాకూ నేర్పండి బాబూ."

"చెప్పుల్లేని కాలికి క్లచ్చా?" అన్నాడు మేష్టారు.

ఏడాది ఆగి రెండోసారి అడిగింది. "నాకూ నేర్పండి బాబూ."

"నీకు కారుందా? నోర్మూసుకుని రాయి పట్టుకో."

పట్టుకుంది. ఏం చేస్తుంది మరి?

ఒక మధ్యాహ్నం ఎత్తు మధ్యలో మేష్టారు గుండె పట్టుకుని పక్క సీట్లో ఒరిగిపోయాడు. నేర్చుకుంటున్నవాడు వరహాలు, తాలూకా ఆఫీసు గుమస్తా. మూడుసార్లు స్టార్టు చేశాడు. మూడుసార్లూ ఇంజిన్ ఆగిపోయింది. "నా వల్ల కాదమ్మా" అన్నాడు.

"దిగి రా బాబూ. నువ్వొచ్చి రాయి పట్టుకో. అది వదలగానే చెప్పు."

అసిరమ్మ సీట్లో కూర్చుంది. ఇన్నేళ్ళూ తలుపు సందులోంచి చూసిందే కదా. క్లచ్ తొక్కింది, గేరు వేసింది, కాలు కొంచెం కొంచెంగా ఎత్తింది.

"రాయి వదిలిందమ్మా" అని కేకేశాడు వరహాలు.

అంతే. మొదటి గేరులోనే, కారు మూలుగుతూ ఉంటే, కొండ దాటించి ఆసుపత్రి గుమ్మంలో ఆపింది. మేష్టారు బతికాడు.

మూడోసారి అడిగింది. "ఇప్పుడైనా నేర్పండి బాబూ."

"నా సీటంతా మట్టి చేశావు. కడిగి పో" అన్నాడు.

అలా అన్నాడండీ, ఆ బతికిన నోటితోనే. పైగా వరహాలు నడిపి తనని కాపాడాడని ఊరంతా చెప్పుకున్నాడు. వరహాలు కాదనలేదు. వీళ్ళనీ మనుషులనే అనాలి మనం.

అసిరమ్మ సీటు కడిగింది. మళ్ళీ అడగలేదు. మూడేళ్ళకి ఆ ఎండలోనే, ఆ రాయి పక్కనే ప్రాణం పోయింది. అప్పుడు వరహాలు ఊరందరి ముందూ నిజం చెప్పి భోరుమన్నాడు. అప్పుడెందుకయ్యా ఏడుపు? ఆమె బతికుండగా నీ నోరు పడిపోయిందా?

ఆ మేష్టారి పేరు నాకు తెలుసు. చెప్పను.

ఇప్పటికీ ఆ ఎత్తు మీద కారు నేర్చుకునేవాళ్ళు ముందు దిగి రాయి పట్టుకోవాలి. అది చేతిలో వదిలాకే సీటు. "నాకూ నేర్పండి" అని అక్కడ ఎవరడిగినా, అంట్లు తోమే మనిషైనా, మేకలు కాసే మనిషైనా, కాదనకూడదు. చెప్పులు మాత్రం విప్పి ఎక్కాలి. కలెక్టరుగారైనా సరే, అక్కడ క్లచ్ మీద పెట్టేది ఉత్త కాలే.