అత్తగారి వేలిముద్ర

డాక్టర్ హిమజకు ఆ పొద్దున చెప్పి చెప్పి నోరెండిపోయింది. ఎదురుగా బల్ల మీద ఎనిమిదో నెల గర్భిణి గౌరీశ్వరి. రక్తపోటు నూట అరవై దాటింది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ఆస్పత్రిలో చేర్చమంటే అత్త సన్నెమ్మ ససేమిరా అంటోంది.

"కడుపుతో ఉన్నాక కాళ్లు పొంగవేటి? నలుగుర్ని కన్నాను. నన్ను ఏ డాక్టరమ్మ చేర్చుకుంది?"

"ఇది ప్రీఎక్లాంప్సియా అమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"వందసార్లు చెప్పు, నాకు నోరు తిరగదు."

కిందటి నెలే పక్క ఊరి డాక్టరొకాయన ఇలాంటి కేసులోనే కోర్టు మెట్లెక్కాడు. హిమజకు అదే బెంగ. చేరమన్నామనీ, వాళ్లే వద్దన్నారనీ మూడు పేజీలు రాసింది. సన్నెమ్మ చేత వేలిముద్ర వేయించింది. ఆ కాగితాలు పట్టుకుని విసవిసా పెద్ద డాక్టరు వరూధిని గదికి నడిచింది.

"వీళ్లతో నావల్ల కాదు మేడం. రేపు ఏ కోర్టూ నన్ను తప్పుపట్టకుండా ఇంకేం రాయాలో చెప్పండి."

వరూధిని మూడు పేజీలూ ఓపిగ్గా చదివింది. "లాయర్లు కూడా ఇంత పకడ్బందీగా రాయరు. ఈ వేలిముద్ర ఎవరిది?"

"అత్తగారిది."

"బిడ్డను మోస్తున్నదీ ఆవిడేనా?"

హిమజ జవాబిచ్చేలోగా వరూధిని లేచి వెళ్లి గౌరీశ్వరి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ పిల్ల చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. మణికట్టు నిండా సీమంతం గాజులు.

"అవి తియ్యకూడదు. పురుడయ్యేవరకూ ఉండాల," సన్నెమ్మ అడ్డమొచ్చింది.

"తియ్యనులే. వేసిననాడు ఎందాకా జారేవమ్మా?"

"మోచేతి దాకా," అంది గౌరీశ్వరి. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె నోరు విప్పడం అదే మొదలు. "పది రోజులయింది."

"సన్నెమ్మా, నువ్వే ఒక్క గాజు జరిపి చూడు."

గాజు కదల్లేదు. చర్మంలోకి నొక్కుకుపోయింది. రెండోది పట్టుకుంది. అదీ అంతే. సన్నెమ్మ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తలనొప్పేమైనా ఉందా తల్లీ?" అడిగింది వరూధిని.

"మూడు రోజులబట్టీ. కళ్ల ముందు మెరుపులు కూడా." గౌరీశ్వరి గొంతు తగ్గించింది. "నన్నెవరూ అడగలేదు."

హిమజ రాసిన మూడు పేజీల్లోనూ ఆ మాట లేదు.

"మీరు గుర్రపువాతం అంటారే, దానికి ముందు ఇలాగే ఉంటుంది. ఆ ఫిట్స్ వస్తే నీకూ బిడ్డకూ ప్రమాదం," అంది వరూధిని. "ఉంటావా, వెళ్తావా? నువ్వు చెప్పు."

"ఉంటాను."

సన్నెమ్మ కొంగుతో కోడలి మొహం తుడిచింది.

హిమజ పరుగున వెళ్లి ఇంజక్షన్ తెచ్చి తనే వేసింది. గౌరీశ్వరిని మంచం మీద పడుకోబెట్టాక పెన్ను తీసి, మూడు పేజీల వంక చూస్తూ ఆగిపోయింది.

"మేడం... రాయనా?"

"రాయి. ఇప్పుడుంది, రాయడానికి ఆ పిల్ల మాట."