అల్లుడుగారి చేపల వేట

అనగా అనగా, మబ్బు కూడా దారి తప్పితే తప్ప రాని రాళ్ళసీమలో గుండ్లదుర్గమనే ఊరు ఒకటుండేది. ఆ ఊళ్ళో మైలారప్ప అనే గొంగళ్ళ వర్తకుడు ఉండేవాడు.

మైలారప్ప మంచివాడు. అబద్ధమాడడు. చిరుగున్న గొంగడిని మడతలో దాచి అమ్మడు. అతనిలో ఉన్న చిక్కల్లా ఒక్కటే. ఏ పనైనా తన చేతిమీదుగానే జరగాలి. ఇంటికప్పు కారితే తనే ఎక్కాలి. ఎవరింట పెళ్ళయినా పందిరి గుంజ తనే పాతాలి. పక్కింటివాళ్ళు ఆప్యాయంగా గిన్నెడు కూర పంపిస్తే, "మన పొయ్యిలో నిప్పు లేదా?" అని ఆ గిన్నెను అలాగే తిప్పి పంపేవాడు. ఒకరికి పెట్టడం తెలుసు గాని, ఒకరి చేత పెట్టించుకోవడం అతనికి తెలియదు.

అతని భార్య నూకాలు సముద్రపుటొడ్డున పుట్టిన పిల్ల. ఆమె తండ్రి అప్పన్న ఉప్పు బళ్ళు తోలుకుని గుండ్లదుర్గం దాకా వచ్చేవాడు. తిరుగు బళ్ళలో గొంగళ్ళు వేసుకుపోయేవాడు. అలా ఉప్పుకూ ఉన్నికీ వియ్యం కలిసింది.

కాపురానికి వచ్చిన నాటినుంచి నూకాలు పచ్చి చేప మొహం చూడలేదు. ఆ ఊరికి వచ్చేవి ఎండుచేపలు. అవి కూడా పాత చెప్పుల్లా ఉండేవి. ఎప్పుడైనా పుట్టింటి కబుర్లు చెబుతూ చేపల మాట దాకా వచ్చిందంటే నూకాలు ఆగిపోయేది. ఒక గుటక వేసి, మళ్ళీ మొదలుపెట్టేది.

ఒక ఏడు గొంగళ్ళు బాగా అమ్ముడుపోయాయి. "ఇల్లూ అంగడీ మూసేసి నాలుగు రోజులు మీ ఊళ్ళో హాయిగా గడిపి వద్దామే" అన్నాడు మైలారప్ప. ఆ మాట పూర్తికాక ముందే నూకాలు మూట కట్టేసింది. ఆ తొందరలో మొగుడి పంచెలు పెట్టడం మరిచిపోయింది.

బండి కదిలాక మైలారప్ప మీసం సవరించుకున్నాడు.

"చూడు నూకాలూ, మీ సముద్రంలో నా చేత్తో గాలం వేస్తాను. నా చేత్తో చేపను పడతాను. నా చేత్తో తెచ్చి నీ విస్తట్లో వేస్తాను."

"మా ఊళ్ళో చేపలు ఇంటింటా ఉంటాయయ్యా. నువ్వంత శ్రమపడక్కర్లేదు."

"ఇంటింటా ఉన్నవి వాళ్ళ చేపలు. నువ్వు తినేది నా చేప."

ఎవరి చేప అయితేనేం, పులుసులో పడ్డాక అన్నీ ఒకటే కదా అని నూకాలు మనసులో అనుకుంది.

నురగలపాలెం చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అత్తగారు చిన్నాలమ్మ అల్లుడొస్తున్నాడని పెద్ద దాకలో పండుగప్ప చేప పులుసు కాచింది. చింతపండు చిక్కగా పిసికి, పచ్చిమిరపకాయలు నిలువుగా చీల్చి, పైన కొత్తిమీర చల్లి దించింది. ఆ వాసనకు వీధిలో కుక్కలు కూడా వరస కట్టి కూర్చున్నాయి. విస్తళ్ళు వేశారు. గరిటె లేచింది.

"ఆగండత్తా!" అన్నాడు మైలారప్ప.

గరిటె గాలిలో ఆగింది.

"ఈ ఇంట్లో నా భార్య తినే చేప నా గాలానికి పడ్డదే కావాలి. అంతదాకా ఈ గడప లోపలికి మరో చేప రాకూడదు. ఇది నా మాట."

మామగారు అప్పన్న గొంతు సవరించుకున్నాడు. "అల్లుడుగారూ, సముద్రం మనం పిలిస్తే పలికేది కాదు బాబూ. ఈ పూటకు తినేద్దాం, రేపట్నుంచి మీ ఇష్టం."

"మాట మాటే, మామా."

కొత్త అల్లుడు కాకపోయినా అల్లుడు అల్లుడే. చిన్నాలమ్మ నిట్టూర్చి, దాకను అలాగే ఎత్తి పొరుగింటి పోలమ్మకు గోడ మీంచి అందించింది. దాక గోడ దాటేదాకా నూకాలు కళ్ళు దానితోపాటే వెళ్ళాయి. ఆ పూట అందరూ వంకాయ పచ్చడితో తిన్నారు.

మర్నాడు మైలారప్ప గాలపు కర్ర భుజాన వేసుకుని ఒడ్డుకు వెళ్ళాడు. మొలలోతు నీళ్ళలో నిలబడ్డాడు. గొర్రెల మంద మీదికి వచ్చిన తోడేలును ఒడిసెలలో రాయి పెట్టి తిప్పి కొట్టడం అతనికి అలవాటు. గాలాన్ని కూడా అలాగే తల చుట్టూ గిరగిరా తిప్పి, "పో!" అని విసిరాడు.

గాలం పోయింది. దానితోపాటు తలపాగా కూడా పోయింది. ఎర్ర తలపాగా అలల మీద హంసలా కూర్చుని, వయ్యారంగా ఊగుతూ, ఎక్కడో దూరదేశాలకు బయల్దేరింది. మైలారప్ప దాని వెంట కొంతదూరం నడిచాడు. ఒక అల వచ్చి మొహాన కొట్టింది. నోరు తెరిచి ఉన్నందుకు ఇంత ఉప్పునీరు లోపలికి పోయింది. వెనక్కి వచ్చేశాడు.

బోడితలతో ఇంటికొచ్చిన అల్లుణ్ణి చూసి అప్పన్న నవ్వు ఆపుకున్నాడు.

"సముద్రం పాగా పుచ్చుకుంది కదా బాబూ, రేపు బదులు ఇస్తుందిలెండి."

ఆ పూట గోంగూర పచ్చడి. సరిగ్గా అన్నం కలిపే వేళకు పోలమ్మ ఇంట్లో వంజరం ముక్కలు నూనెలో పడ్డాయి. చుయ్యిమన్న చప్పుడు గోడ దాటి వచ్చింది. వాసన కూడా వచ్చింది. నూకాలు కలిపిన ముద్దను చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది.

"ఒడ్డున చిన్న చేపలే ఉంటాయి" అన్నాడు మైలారప్ప, తనలో తను అనుకుంటున్నట్టు. "లోపలికి వెళ్ళాలి."

రెండో రోజు గంగులు అనే జాలరి తెప్ప ఎక్కి లోపలికి వెళ్ళాడు. "బాబూ, తెప్ప ఊగుతాది, జాగ్రత్త" అన్నాడు గంగులు. "కొండలెక్కి తిరిగినవాణ్ణి. నీళ్ళకు జడుస్తానా?" అన్నాడు మైలారప్ప.

కొండలు ఊగవు. ఆ సంగతి అతనికి తెప్ప మీద తెలిసింది. ముందు, పొద్దున తిన్న చద్దన్నమంతా సముద్రం పాలైంది. తర్వాత ఆకాశం కిందికి, సముద్రం పైకి వచ్చాయి. ఆ తర్వాత మైలారప్ప తెప్పను రెండు చేతులా కావలించుకుని బోర్లా పడుకున్నాడు. గాలం నీళ్ళలో దాని మానాన అది ఉంది. చేపలు దాని పక్కనుంచే వెళ్ళి గంగులు వలలో పడుతున్నాయి.

ఒడ్డు చేరాక గంగులుకు జాలి వేసింది. బారెడు వంజరాన్ని తీసి చేతికివ్వబోయాడు.

"ఇది తీసుకెళ్ళండి బాబూ. మీ గాలానికే పడిందని నేను చెప్తాను. సముద్రం వచ్చి సాక్ష్యం చెప్పదు కదా."

మైలారప్ప మొహం గోంగూరలా పచ్చగా ఉంది. అయినా తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పగలవు గంగులూ. నాకే నోరు పెగలదు."

ఇంటికొచ్చాక కూడా గోడలు ఊగుతూనే ఉన్నాయి. ఆ పూట మజ్జిగన్నం, నిమ్మకాయ ఊరగాయ. మైలారప్ప అది కూడా ముట్టలేదు. నూకాలు అతని నుదుట తడిగుడ్డ వేసి పక్కన కూర్చుంది.

"పోనీలేవయ్యా. రేపొక్క రోజే ఉంది. ఎల్లుండి పొద్దున్నే బండెక్కాలి. ఆ ఒక్కరోజైనా విశ్రాంతి తీసుకో."

"రేపు పట్టకపోతే నా పేరు మైలారప్పే కాదు" అన్నాడతను కళ్ళు మూసుకుని.

మళ్ళీ ఈ ఊరు ఎన్నేళ్ళకు వస్తామో అన్న మాట నూకాలు నోటిదాకా వచ్చి ఆగింది.

మూడో రోజు ఏరు సముద్రంలో కలిసేచోట, రాళ్ళ మీద కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళందరూ సలహాలిచ్చారు. ఒకడు రొయ్యను ఎరగా పెట్టమన్నాడు. ఒకడు వానపాము అన్నాడు. ఒక ముసలాయన బెల్లం పూసిన పిండిముద్ద అన్నాడు. మైలారప్ప మూడూ ఒకేసారి గుచ్చాడు. ఆ ఎరను చూసి చేపలు కంగారుపడి ఉంటాయి, ఒక్కటీ దరికి రాలేదు.

పక్క రాతి మీద ఒక తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి ఇదంతా చూస్తోంది. కాసేపటికి అడిగింది.

"ఏమయ్యా, అంత ఆకలేస్తోందా?"

"నాక్కాదు. నా భార్యకు పెట్టాలి."

"మరి అదిగో, ఒడ్డున బుట్టలనిండా చేపలున్నాయే!"

"అవి నేను పట్టినవి కావు. నేను అడుక్కునేవాణ్ణి కాను."

"నేనూ కాను. అడగనైనా అడగను, ఎత్తుకుపోతాను" అంది కొంగ. "అది సరే గాని, నువ్వు పట్టిన చేపకు పులుసులో వేరే రుచి వస్తుందా? మీ ఆవిడేమంది?"

నూకాలును ఆ మాట అడగాలని మైలారప్పకు ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడే గాలానికి కట్టిన బెండు బుడుంగున మునిగింది!

కర్ర విల్లులా వంగింది. మైలారప్ప లేచి, రాతికి కాలు తన్నిపెట్టి లాగాడు. చేప అటు లాగింది. అతను ఇటు లాగాడు. చెమటలు కారాయి, పంచె జారింది, పళ్ళతో పట్టుకున్నాడు. చివరికి నీళ్ళ మీదికి తళుక్కున లేచింది. పండుగప్ప! వెండి పళ్ళెమంత వీపు, గుమ్మడికాయంత తల! ఒడ్డున వలలు ఆరబెట్టుకునేవాళ్ళు లేచి నిలబడ్డారు.

ఇంతమంది చూస్తున్నారన్న సంబరంలో మైలారప్ప మనసు నిలవలేదు. ఊరివైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి, "నూకాలూ! పట్టానే!" అని కేక పెట్టాడు.

రెండు చేతులూ పైకెత్తితే కర్రను పట్టుకునేదెవరు?

కర్ర నీళ్ళలో పడింది. చేప దాన్ని ఈడ్చుకుంటూ, తొందరేమీ లేనట్టు, సముద్రంలోకి వెళ్ళిపోయింది. కొంగ మొహం పక్కకు తిప్పుకుంది.

పొద్దు వాలుతుండగా మైలారప్ప ఇంటికి బయల్దేరాడు. వీధిలోంచి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. దొడ్డిదారిన వచ్చాడు. పెరటి తడిక దగ్గరకు వచ్చేసరికి గోడ దగ్గర మాటలు వినిపించాయి. అటువైపు పోలమ్మ, ఇటువైపు నూకాలు.

"పిచ్చిదానా, ఒక్కసారి గోడ దాటి రావే" అంటోంది పోలమ్మ. "మీ ఆయన చూడడు. రెండు ముక్కలు తినేసి మూతి తుడుచుకుపో."

"వద్దత్తా" అంది నూకాలు. "నా కోసమే కదా అక్కడ ఎండలో మాడుతున్నాడు. దొంగతనంగా తింటే నా నోటికి మట్టిలా ఉంటుంది."

"అయితే నీ ఇష్టం. నేను వెళ్తాను."

"అత్తా, ఉండు..." నూకాలు గొంతు తగ్గించింది. "ఇవాళ ఏం చేప?"

"చందువా."

"పులుసా, వేపుడా?"

"పులుసే. మామిడికాయ వేశాను."

"మామిడికాయా..." ఒక గుటక చప్పుడైంది. "ముక్కలు పెద్దవి కోశావా? ఎలా ఉడికింది? కాస్త నెమ్మదిగా చెప్పత్తా. రేపు వెళ్ళిపోతాను కదా, వింటాను."

పోలమ్మ చెప్పసాగింది. నూకాలు గోడకు చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, పులుసు తాగుతున్నట్టు ఆ మాటలు వింటోంది.

తడిక అవతల మైలారప్ప నిలబడిపోయాడు. తలపాగా పోయినప్పుడు అతనికి సిగ్గు వేయలేదు. తెప్ప మీద వాంతి చేసుకున్నప్పుడూ వేయలేదు. ఇప్పుడు వేసింది. మూడు రోజులుగా తను సముద్రంతో కుస్తీ పడుతున్నాననుకున్నాడు. పడ్డ దెబ్బలన్నీ నూకాలు తిన్నదని ఇప్పుడు తెలిసింది.

అతను చప్పుడు చేయకుండా ఇంట్లోకి వెళ్ళి వంటింట్లోంచి ఒక గిన్నె తీసుకున్నాడు. వీధి గుమ్మంలోంచి బయటికి వచ్చాడు, ఈసారి అందరూ చూస్తుండగానే. పోలమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. గిన్నె చాచడానికి చెయ్యి లేవలేదు. రాళ్ళు మోసిన చెయ్యే, గుంజలు పాతిన చెయ్యే, ఖాళీ గిన్నెను మోయలేకపోయింది.

"అమ్మా" అన్నాడు. "మూడు రోజులు వేటాడాను. నాకు ఒక్క చేప కూడా పడలేదు. పడిందొకటి, దాన్ని కూడా నా గొప్ప చెప్పుకోబోయి వదిలేశాను. మా నూకాలుకు కాస్త పులుసు పెట్టండి."

పోలమ్మ పక్కున నవ్వింది. "దీనికి మూడు రోజులు పట్టిందా అల్లుడూ! గిన్నె చాలదు, దాకే పట్టుకుపో!"

ఆ మాట చెవినపడి ఎదురింటివాళ్ళు వేపుడు తెచ్చారు. గంగులు వంజరం తెచ్చాడు. చిన్నాలమ్మ పరుగున విస్తళ్ళు వేసింది. దాకను తలమీద పెట్టుకుని వస్తున్న మొగుణ్ణి చూసి నూకాలు నోటిమీద చెయ్యి వేసుకుంది.

"నీ గాలానికే పడిందా?"

"లేదే. పోలమ్మత్త దాకలో పడింది. అడిగి తెచ్చాను. తిను."

నూకాలు తిన్నది. మొదటి ముద్దకు కళ్ళు మూసుకుంది. రెండో ముద్దకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "మామిడికాయ పులుపు" అంది. మూడో ముద్ద తర్వాత విస్తట్లోంచి తల ఎత్తలేదు.

మైలారప్ప కూడా తాజా చేపను మొదటిసారి నోట పెట్టుకున్నాడు. పెట్టుకోగానే ముల్లు గుచ్చుకుంది. తీసేసి మళ్ళీ తిన్నాడు, మళ్ళీ గుచ్చుకుంది. అతను బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, నూకాలు ఒక ముక్కను తన విస్తట్లోకి లాక్కుంది. ముళ్ళన్నీ ఒక్కొక్కటే ఏరి, మెత్తటి ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టింది.

ఒకప్పటి మైలారప్ప అయితే, "నాకు చేతుల్లేవా?" అనేవాడు. ఇప్పుడు మారు మాట్లాడకుండా నోరు తెరిచాడు.

కాబట్టి పిల్లలూ, మనవాళ్ళ కడుపు నిండడమే ముఖ్యం. అది తన చేతిమీదుగానే నిండాలని పంతం పట్టినవాడు, ప్రేమించినవాళ్ళనే పస్తు ఉంచుతాడు.