తాతారావు పొదిగించిన గుడ్లు

కొల్లేరు అంచున ఒక లంకలో తాతారావు అనే బాతుల కాపరి ఉండేవాడు. చేతికొచ్చిన మంచి సరుకుని ఆ పూటే అమ్మేస్తే తప్ప అతనికి నిద్ర పట్టేది కాదు.

అతని బాతులు ముసలివైపోయాయి. కొత్త మంద లేకపోతే మరుసటి ఏడు ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. బాతు గుడ్డు పెడుతుంది గానీ బుద్ధిగా కూర్చుని పొదగదు. అందుకని ఆ లంకలో బాతు గుడ్లను కోళ్ళ కింద పెట్టించేవారు. తాతారావు తట్ట నిండా గుడ్లు తీసుకుని, పొదిగే కోళ్ళున్న పక్కింటి వరహాలమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆమె ఒక గుడ్డుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేం గుడ్డురా అబ్బాయ్! మా కోడి గుడ్డే నయం. పెద్దవి ఏవి?"

"ఏసుపాదం మంచి ధర ఇస్తానన్నాడు పిన్నీ. ఇచ్చేశాను."

"వాడూ బాతులవాడేగా! అట్టు పోసుకోవడానికి కొన్నాడనుకున్నావా? పొదిగించుకోవడానికి! చిన్న గుడ్డులోంచి చిన్న పిల్లే వస్తుంది. కోతల నాటికి అందిరాదు."

"బయటికొచ్చాక తిని పెరగదా ఏంటి? నువ్వు మరీ చోద్యం!" అని నవ్వేశాడు తాతారావు.

వరహాలమ్మ గుడ్లు కోళ్ళ కింద పెట్టింది.

పిల్లలు పుట్టాయి. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. కొన్ని మొదటి వారంలోనే పోయాయి. మిగిలినవాటికి తాతారావు నూకలు వేశాడు, నత్తలు చితక్కొట్టి పెట్టాడు. తినడం తిన్నాయి, పెరగడమూ పెరిగాయి. కాకపోతే తీరుబడిగా పెరిగాయి.

కోతలు మాత్రం వాటి కోసం ఆగలేదు. తొలకరికి వేసిన సార్వా వరి కోతలయ్యాక చేలో రాలిన గింజలే బాతులకి మేత. ఎవరి మంద ముందు దిగితే ఆ చేను వాళ్ళదని అక్కడి ఆనవాయితీ. తాతారావు పొద్దున్నే మందను తోలాడు. సగం దారిలోనే అవి గట్టు మీద చతికిలబడ్డాయి. అదిలించాడు, బతిమాలాడు, చివరికి కొన్నింటిని తట్టలో ఎత్తుకున్నాడు. ఆయాసపడుతూ అతను చేరేసరికి ఏసుపాదం మంద చేలో మేస్తోంది. ఒక్కో బాతు ఎంత పుష్టిగా ఉందో!

"తమ్ముడూ, ఈ ఒక్క చేనూ నాకు వదిలెయ్యవా?" అన్నాడు తాతారావు.

"నీ ముందు దాపరికమేముంది అన్నా? ఇవి నీ దగ్గర కొన్న గుడ్లే. నువ్వే ఉంచుకుని ఉంటే ఈ చేను నీదయ్యేది. ఇప్పుడు వదిలితే నా బాతులు పస్తుంటాయి," అన్నాడు ఏసుపాదం. వెక్కిరించలేదు, ఉన్న మాట అన్నాడు.

తాతారావుకి ఏడుపొచ్చింది. మిగతా చేలలోనూ అతని మంద వెనకబడే చేరింది. మేత కొని పెట్టే శక్తి లేక, ఇంకా గుడ్లకి రాని ఆ మందను మాంసానికి అమ్ముకున్నాడు. మరుసటి ఏడు ఏసుపాదం దగ్గర కూలికి బాతులు కాశాడు.

రేపటి కోసం ఉంచుకోవలసింది మన దగ్గరున్న వాటిలో మేలైనదాన్నే గానీ, అమ్మేశాక మిగిలినదాన్ని కాదు.