చేగోడీ మీద పన్ను

ఒకరోజు పొద్దున్నే తుంగభూపాల మహారాజుగారి నడికట్టు కొసలు రెండూ కలుసుకోలేదు. ఇద్దరు సేవకులు చెరో కొసా పట్టుకుని లాగారు. రాజుగారు ఊపిరి బిగబట్టారు. కొసలు దూరం నుంచి ఒకదాన్నొకటి చూసుకున్నాయే గానీ దగ్గరికి మాత్రం రాలేదు.

"దీనికంతటికీ కారణం చేగోడీలే!" అని రాజుగారు కొలువులో గర్జించారు. "ఒంటికి చెరుపు చేసే తిండి మీద ఇవాళ్టి నుంచి పన్ను! ఏది చెరుపు తిండో మంత్రిగారు తేలుస్తారు."

పన్నుల మంత్రి మార్తాండయ్యగారికి తన నిగ్రహమంటే మహా గౌరవం. ఆయన కళ్ళు మూసుకుని, తెరిచి, నియమం చెప్పేశారు.

"ఒకటి తిన్నాక చెయ్యి దానంతటదే రెండోదాని మీదకి పోతే అది చెరుపు తిండి ప్రభూ. పోకపోతే మంచి తిండి. చెరుపు తిండి అమ్మేవాళ్ళు గంపకి అరగంప పన్ను కట్టాలి."

"అరగంప చేగోడీలు ఖజానాలోకా? అక్కడ వాటినెవరు తింటారండీ?" అన్నాడు చుక్కన్న.

చుక్కన్న రాజుగారికి తాంబూలం చుట్టిచ్చే కొలువులో ఉన్నాడు. అతని చేతులు ఆకులకి సున్నం రాస్తూనే ఉంటాయి, నోరు మాత్రం ఊరుకోదు.

"అది రాజ్యరహస్యం," అన్నారు మంత్రిగారు.

ఆ మధ్యాహ్నమే మంత్రిగారి బావమరిది కోట గుమ్మం ఎదుట ఉన్న గవరమ్మ చేగోడీల అంగడికి పరీక్ష చేయడానికి వచ్చాడు. ఒకటి తిన్నాడు. చెయ్యి రెండోదాని మీదకి పోయింది. అనుమానం తీరక మూడోదాని మీదకీ పోయింది. అలా పోయి పోయి గంప అడుగుని తాకింది.

"చెరుపు తిండే," అని త్రేన్చి, పన్ను కట్టేదాకా ఇవ్వనని మూకుడు పట్టుకుపోయాడు.

గవరమ్మ చుక్కన్న దగ్గరికి పరుగెత్తింది.

"అరగంప వాళ్ళకి పోస్తే, మిగతా అరగంప నూనెకీ పిండికీ సరి. నేనేం తినాలి నాయనా? మూకుడే లేకపోతే ఇక పొయ్యి ముందు కూచుని చలి కాచుకోవడమే!"

"రేపు పిండిముద్ద పట్టుకుని కొలువుకి రా అత్తా."

"వచ్చి? రాజుగారి కాళ్ళ మీద పడి ఏడవమంటావా?"

"వద్దు. వేయించు, చాలు."

మర్నాడు కొలువులో పిండిముద్దతో వచ్చిన గవరమ్మ పక్కన చుక్కన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ఆ బావమరిది గారి చెయ్యి చెప్పే సాక్ష్యం చెల్లదు. పెళ్ళిళ్ళలో అది పక్కవాళ్ళ విస్తట్లోకి కూడా పోతుంది."

ఊరంతా ఎరిగిన మాటే కాబట్టి, బావమరిది మెల్లగా స్తంభం వెనక్కి జరిగాడు.

"మా బావమరిది సంగతి వదిలెయ్," అన్నారు మంత్రిగారు. "పన్ను జనం మేలుకే. ఈవిడ చేగోడీలు తినడం వల్లే ఊరంతా పొట్టలు పెంచుతోంది."

"పొద్దస్తమానం వాటి మధ్యే ఉంటాను, మరి నా పొట్టేదీ బాబుగారూ?" అంది గవరమ్మ. "గంప నెత్తినెత్తుకుని ఏటి అవతల నుంచి నడిచొస్తాను. తమరికి వీధి దాటాలన్నా పల్లకీయే!"

పల్లకీ మాట రాగానే రాజుగారు పైకప్పులోని చెక్కడాలను శ్రద్ధగా పరిశీలించసాగారు.

"పోనీ మంత్రిగారే స్వయంగా పరీక్షించి పన్ను వేస్తే ఎవరూ నోరెత్తరు," అన్నాడు చుక్కన్న. "కాకపోతే పాపం, ఆయన చెయ్యి కూడా ఆగదేమోనని భయం కాబోలు."

"భయమా? నాకా?" మంత్రిగారు లేచి నిలబడ్డారు. "నా చెయ్యి నేను చెప్పందే కదలదు! తెండి మూకుడు!"

కొలువుకూటం ముందు పొయ్యి వెలిగింది. నూనె కాగింది. నువ్వులూ వామూ కలిసిన వాసన లోపలికి రాగానే ద్వారపాలకులు ద్వారాలు వదిలేసి వచ్చేశారు. "చల్లారాయో లేదో చూస్తున్నాను" అంటూ రాజుగారు నాలుగు చేగోడీలు నాలుగు వేళ్ళకి తొడుక్కున్నారు.

మంత్రిగారు ఒకటి నోట్లో వేసుకున్నారు.

కరకర!

కళ్ళు మూతలు పడ్డాయి. కుడిచెయ్యి లేవబోయింది. ఎడమచేత్తో దాన్ని గట్టిగా ఒడిసిపట్టుకున్నారు. నుదుట చెమటలు పోశాయి. కానీ చెయ్యి పళ్ళెం వైపు పోలేదు!

"భళా!" అంది సభ. మంత్రిగారు మీసం దువ్వారు.

"అయితే ఇది మంచి తిండే," అన్నాడు చుక్కన్న. "చెయ్యి పోలేదుగా. పన్ను లేదు."

మీసం దువ్వుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కాదు కాదు! చెరుపు తిండే! ఇదిగో, పోతోంది చూడండి!" అంటూ మంత్రిగారు పళ్ళెం మీదకి చెయ్యి చాచారు.

"అయ్యయ్యో, మంత్రిగారి నిగ్రహం!" అని వెనక నుంచి ఎవరో నిట్టూర్చారు.

చెయ్యి గాల్లో ఆగింది.

చుక్కన్న వినయంగా వంగాడు.

"ఆ చెయ్యి ముందుకి పోతే పన్ను నిలుస్తుంది, తమరి నిగ్రహం పోతుంది. వెనక్కి వస్తే నిగ్రహం నిలుస్తుంది, పన్ను పోతుంది. తొందరేం లేదు, నిదానంగా తేల్చుకోండి. చేగోడీలు ఇంకా వేడిగానే ఉన్నాయి."

చెయ్యి కాస్త ముందుకి పోయింది. కాస్త వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకి పోయింది. చివరికి మంత్రిగారు ఏడుపు గొంతుతో "నిగ్రహమే!" అని, ఆ చేతిని వీపు వెనక దాచేసుకున్నారు.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. సభంతా నవ్వింది. స్తంభం వెనక నుంచి కూడా నవ్వు వినిపించింది.

"ఆగనిది మా చెయ్యి, పన్ను గవరమ్మకా? రద్దు!" అన్నారు రాజుగారు. " ఆవిడ మూకుడు ఆవిడకి ఇచ్చెయ్యండి!"

గవరమ్మ నూనె వంపి చల్లార్చిన మూకుడు గుండెలకి హత్తుకుని, పోతూ పోతూ మంత్రిగారి వెనక ఆగింది. దాచుకున్న ఆ చేతిలో ఎవరూ చూడకుండా గుప్పెడు చేగోడీలు పోసింది. మంత్రిగారు ముందుకే చూస్తూ, గుప్పిట మూశారు.

"చుక్కన్నా, ఇదిగో నీకు నా ఉంగరం!" అని రాజుగారు నవ్వుతూనే వేలి నుంచి లాగి అతని అరచేతిలో పెట్టారు.

చుక్కన్న చూశాడు. అది చేగోడీ. మారుమాట్లాడకుండా నోట్లో వేసుకుని కరకరా నమిలేశాడు.

"ఈ ఉంగరం బహు రుచిగా ఉంది ప్రభూ. ఇక బంగారందీ ఇప్పించండి!"

నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తిరుగుతుంటే, రాజుగారు ఈసారి వేలు చూసుకుని మరీ ఇచ్చారు.