పెద్దక్క చేత పొగ మాన్పించిన వైనం

రాళ్ళకొట్టాల సున్నపురాయి గనిలో తెలివితేటలకి కొదవ లేదు. ఉన్న తెలివంతా ఒక్క ఇంట్లోనే పోగుపడింది, అదే వచ్చిన చిక్కు. ఆ ఇల్లు ఇంజన్ డ్రైవర్ మద్దిలేటిది. తమ్ముడు ఓబులేసు అదే ఇంజన్‌కి ఆయిల్ పోస్తాడు. బామ్మర్ది పుల్లన్న ఫిట్టరు. పెళ్ళాం సుంకులమ్మ షెడ్డు గేటు దగ్గర బొరుగుల ఉగ్గాని, అందులోకి నంజుకునే మిరపకాయ బజ్జీల బండి పెట్టుకుంది. తెలివిలో ఒకరికొకరు తీసిపోరు.

"పెద్దోళ్ళు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మన సొంత పైత్యం ఒక్క చుక్క కలపం. తెలివంటే అదేనప్పా" అని మద్దిలేటి రోజుకోసారైనా అనేవాడు. మిగిలిన ముగ్గురూ తల ఊపేవాళ్ళు.

కిందటేడు మేనేజరు ఇంజన్‌కి రంగు వెయ్యమన్నాడు. అంతే, పచ్చరంగు డబ్బాలు తెచ్చి ముందు నుంచి వెనక దాకా వేసేశారు. కిటికీ అద్దాలు కూడా వదల్లేదు. అద్దాలు వదిలెయ్యమని ఎవరూ చెప్పలేదు మరి. అప్పటినుంచి మద్దిలేటి తల బయటపెట్టి ఇంజన్ నడుపుతున్నాడు.

ఆ డీజిల్ ఇంజన్ పేరు పెద్దక్క. గని దగ్గర రాయి ఎక్కించుకుని ఏడు కిలోమీటర్లు లాక్కుంటూ క్రషర్ దాకా వెళ్తుంది. పట్టాలు అక్కడితో సరి. చివర అడ్డంగా రెండు దుంగలు, దుంగల అవతల మేనేజరు గారి సొంత శనగచేను. ఇరవయ్యారేళ్ళుగా మద్దిలేటికి ఆ ఏడు కిలోమీటర్లే లోకం. సుంకులమ్మని పెళ్ళిచేసుకుని ఊళ్ళోకి తీసుకొచ్చింది కూడా పెద్దక్క మీదే.

అలాంటి పెద్దక్క మీద ఒకరోజు ఫిర్యాదు వెళ్ళింది. ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయని, పిల్లలు దగ్గుతున్నారని ఊరివాళ్ళు అర్జీ పెట్టారు. పొగ పరీక్షించే ఇంజనీరు ఫర్జానా మేడం జీపులో దిగింది. పెద్దక్క వదిలే నల్లటి పొగ చూసి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మద్దిలేటి గారూ, నెల రోజులు టైమిస్తున్నా. పొగ తగ్గకపోతే ఈ ఇంజన్ తుక్కుకే" అంది.

మద్దిలేటి తలగుడ్డ తీసి చేతులు జోడించాడు.

"తగ్గిస్తాం మేడం! ఏం చెయ్యాల్నో చెప్పండి సామీ, చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అన్నాడు.

పాపం, ఆవిడకి ఆ మాట ఎంతో నచ్చింది. ఓపిగ్గా చెప్పింది. నల్ల పొగ వస్తోందంటే ఇంజన్‌కి గాలి చాలడం లేదని, గాలి ఫిల్టర్ తీసి కడగాలని చెప్పింది. నీలి పొగ కలుస్తోందంటే కందెనగా పోసే లూబ్ ఆయిల్ ఎక్కువై, అది కూడా కాలుతోందట. కొలత కడ్డీ మీదున్న గీత దాటి ఆయిల్ ఉండకూడదంది. డ్రమ్ముల అడుగున మిగిలిన మురికి డీజిల్ కాదు, శుభ్రమైన డీజిల్ పట్టాలంది. జీపు ఎక్కుతూ ఎక్కుతూ, "వాడేసిన వంటనూనెతో కూడా ఈ రోజుల్లో డీజిల్ తయారవుతుంది, అది కాస్త కలిపితే మసి ఇంకా తగ్గుతుంది" అంటూ ఒక మంచిమాట చెప్పి పోయింది.

మద్దిలేటి నాలుగు మాటలకీ నాలుగు వేళ్ళు మడిచి, తెల్లారేదాకా ఆ వేళ్ళు విప్పలేదు. అన్నం కూడా ఎడమచేత్తోనే తిన్నాడు.

పొద్దున్నే పని మొదలైంది. పుల్లన్న గాలి ఫిల్టర్ ఊడదీశాడు. సుంకులమ్మ దానికి కుంకుడురసం పోసి, తలంటినట్టు కడిగి ఎండలో ఆరేసింది. ఫిల్టర్ తళతళలాడిపోయింది. పుల్లన్న దాన్ని కొత్త తువ్వాలులో చుట్టి, ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"బిగించవా బామ్మర్దీ?" అన్నాడు మద్దిలేటి.

"మేడం ఏం చెప్పింది బావా? తీసి కడగమనింది. బిగించమనిందా?"

మద్దిలేటి గుర్తు చేసుకున్నాడు. అనలేదు. సొంత పైత్యం కలపబోయినందుకు లెంపలేసుకున్నాడు.

ఫిల్టర్ లేని ఇంజన్ గనిలోకి వెళ్ళింది. ఇంకేముంది, సున్నపురాతి దుమ్మంతా పెద్దక్క కడుపులోకే. ఖళ్ళు ఖళ్ళుమంటూ ముసలమ్మలా దగ్గడం మొదలుపెట్టింది.

తర్వాత ఓబులేసు వంతు. ఆయిల్ కొలిచే కడ్డీ పైకి లాగి చూస్తే, ఆయిల్ గీత దాటి రెండు వేళ్ళ ఎత్తున ఉంది.

"అన్నా, ఆయిల్ గీత దాటింది. ఏం చేద్దాం?"

"మేడం గీత దాటగూడదనింది గదరా. దాటకుండా చెయ్యి!"

ఓబులేసు ఆకురాయి తెచ్చి పాత గీతని సాంతం అరగదీశాడు. నాలుగు వేళ్ళ పైన కొత్త గీత గీశాడు. ఇప్పుడు ఆయిల్ గీత కిందే ఉంది. అన్నదమ్ములిద్దరూ సంబరపడ్డారు. అంతలో ఓబులేసుకి దిగులు పట్టుకుంది. గీతకీ ఆయిల్‌కీ మధ్య రెండు వేళ్ళ వెలితి కనబడుతోంది. వెలితి ఉంచితే పెద్దక్కకి అన్యాయం చేసినట్టు కాదూ? అంతే, గీత దాకా ఆయిల్ పోశాడు. సాయంత్రానికి ఊరి మీద నీలం మబ్బు కమ్ముకుంది.

ఇక శుభ్రమైన డీజిల్ సంగతి. పుల్లన్న డీజిల్ డ్రమ్ము బోరింగు దగ్గరకి దొర్లించుకుపోయాడు. సబ్బుపొడి, నీళ్ళు పోసి, తెడ్డుతో గంటసేపు గిలక్కొట్టాడు. "మూడు నీళ్ళకి కడిగినా బావా, పిల్లోళ్ళకి తాపినా తాగుతారు" అని ట్యాంకులో పోశాడు. పెద్దక్క గుడగుడమంది. పొగగొట్టంలోంచి తెల్లటి పొగ, ఆ పొగతోపాటు సబ్బు బుడగలు లేచాయి. ఊళ్ళో పిల్లలంతా దగ్గు మర్చిపోయి వాటి వెంట పరుగెత్తారు.

ఇప్పుడు నలుపు, నీలం, తెలుపు, మూడు రంగులూ వస్తున్నాయి. మద్దిలేటి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"నల్ల పొగ ఎంత తగ్గిందో చూడ్రా! మూడొంతుల్లో ఒక వంతే ఉండాది" అన్నాడు. మనసులో మాత్రం భయంగానే ఉంది. పెద్దక్క మునుపటిలా లాగడం లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ మూలుగు వింటే అతనికి నిద్రలో కూడా ఏడుపొస్తోంది.

ఇంకా నాలుగో వేలు మిగిలింది. సుంకులమ్మ బజ్జీలు వేసిన నూనె రెండు డబ్బాలు మోసుకొచ్చింది.

"ఇది నూనె గదా వదినా, డీజిల్ యాడైంది?" అని అడిగాడు ఓబులేసు. వాడికి అప్పుడప్పుడూ అలాంటి అనుమానాలొస్తాయి. ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు.

"తయారవుతుందని చెప్పింది గదప్పా ఆయమ్మ. మనల్ని తయారు చెయ్యమన్లేదు. లోపలికి పోతే అదే అవుతాది" అంది సుంకులమ్మ.

అడుగున మిగిలిన శనగపిండి ముద్దలు, మిరపకాయ తొడిమలతో సహా ట్యాంకులో వంచేశారు. పెద్దక్క కదిలింది. ఇంకేముంది, ఏడు కిలోమీటర్ల పొడుగునా మిరపకాయ బజ్జీల ఘాటు వాసన! గనిలో కూలీలు గడ్డపారలు కిందపడేశారు. క్రషర్ ఆగిపోయింది. మనుషులంతా పళ్ళేలు పట్టుకుని పట్టాల వెంబడి వరసగా నిలబడ్డారు. మేనేజరు అరుచుకుంటూ తిట్టడానికి వచ్చాడు. పొగలో నిలబడి రెండుసార్లు గాలి పీల్చాడు. గొంతు తగ్గించి, "ఉగ్గాని లేదా?" అని అడిగాడు.

నెల తిరిగింది. పరీక్షరోజు ఫర్జానా మేడం యంత్రంతో దిగింది. పొగగొట్టంలో సన్నటి గొట్టం పెట్టి పొగ లాగుతామని, లోపల గుండ్రటి తెల్లకాగితం ఉంటుందని, అది నల్లబడితే ఫెయిలని చెప్పింది. ఓబులేసు షెడ్డులోకి పరుగెత్తి ఒక నల్లకాగితం తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇది పెట్టండి మేడం. దీన్ని నల్లగా చెయ్యడం ఎవరి వల్లా కాదు" అన్నాడు.

ఆవిడ ఆ కాగితాన్నీ ఓబులేసునీ మార్చి మార్చి చూసి, తెల్లకాగితమే పెట్టింది. పెద్దక్క దగ్గింది. కాగితం బయటికి తీస్తే నల్లగా, జిడ్డుగా ఉంది. దాని మీద మిరపకాయ తొడిమ ఒకటి అంటుకుని ఉంది.

"ఏం చేశారు మీరు?" అంది మేడం.

చెప్పారు. ఒకరి తర్వాత ఒకరు, గర్వంగా, ఏమీ దాచకుండా చెప్పారు. పుల్లన్న బీరువా తాళంచెవి కూడా తీసి చూపించాడు. ఆవిడ ఇంజన్ మెట్టు మీద కూలబడింది.

మద్దిలేటి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"మీరు చెప్పిన ఒక్క మాట జారిపోనీలేదు మేడం. అయినా అక్కకి ఊపిరాడ్డంలేదు. ఈ దగ్గు నేను వినలేను. తుక్కుకి ఏసేపనైతే నన్ను గూడా దాంతోపాటే ఎయ్యండి" అన్నాడు.

ఫర్జానా మేడం తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఆ మనిషి కళ్ళలో నటన లేదు. ఇంజన్‌లోనూ పెద్ద లోపం లేదు, లోపమంతా చుట్టూ ఉన్నవాళ్ళలోనే ఉందని ఆవిడకి తెలిసిపోయింది.

"పది రోజులు ఆగుతాను. నేనే మెకానిక్కులని తీసుకొస్తా. అప్పటిదాకా మీరెవరూ ఏమీ చెయ్యొద్దు" అంది.

అంతే. మగవాళ్ళు ముగ్గురూ అక్కడే పట్టాల పక్కన కూర్చున్నారు. ఏమీ చెయ్యలేదు. గడ్డం గీసుకోలేదు, ఈగలు తోలుకోలేదు, స్నానం సంగతి అడక్కండి. సుంకులమ్మకి కూడా ఏమీ చెయ్యకూడదనే ఉంది కానీ, వీళ్ళకి ముద్దలు పెట్టేవాళ్ళు ఇంకెవరూ లేక ఆ ఒక్క పనీ చేసింది.

పదకొండో రోజు మెకానిక్కులు వచ్చారు. ట్యాంకు కడిగారు, అరిగిన రింగులు మార్చారు, గంధకం తక్కువున్న మంచి డీజిల్ పట్టారు. సరైన లూబ్ ఆయిల్ పోసి, కడ్డీ మీద గీత తిరిగి మునుపున్నచోటే గీశారు. బీరువాలోంచి ఫిల్టర్‌కి విడుదల దొరికింది. స్టార్ట్ చేస్తే పెద్దక్క ఒక్కసారి గొంతు సవరించుకుని హాయిగా పాడినట్టు తిరిగింది. పొగగొట్టం మీద గాలి కాస్త అదిరింది, అంతకుమించి ఏమీ లేదు. పరీక్ష కాగితం తెల్లగానే వచ్చింది.

మద్దిలేటి ఇంజన్‌కి చెంప ఆనించి ఏడ్చేశాడు. సుంకులమ్మ తెచ్చిచ్చిన టీ తాగి, గ్లాసు మెట్టు మీద పెట్టి, మేడం నవ్వుతూ అంది: "ఇప్పుడు బాగుంది. ఇక ఎప్పుడూ ఇలాగే ఉంచండి."

నెల తర్వాత అటుగా వస్తున్న ఫర్జానా మేడానికి నాలుగు మైళ్ళ దూరం నుంచే ఆకాశం నల్లగా కనిపించింది. గని దారిలో పది డొక్కు ట్రాక్టర్లు బొగ్గులాంటి పొగ కక్కుతూ రాయి మోస్తున్నాయి. షెడ్డు దగ్గర మాత్రం గాలి నిర్మలంగా ఉంది. పెద్దక్క అదే చోట, అదే పాటతో, నిలబడి తిరుగుతోంది. మెట్టు మీద ఆవిడ టీ గ్లాసు అలాగే ఉంది.

"ఇదేంటి మద్దిలేటి గారూ?"

"మీరు ఎట్ల పెట్టిపోయినారో అట్లనే ఉండాది మేడం" అన్నాడు మద్దిలేటి, గుండె ఉప్పొంగుతూ. "అర అంగుళం కదపలేదు, ఒక్క నిమిషం ఆర్పలేదు. డీజిల్ అయిపోతాంటే పోస్తాండాం. గ్లాసు కూడా ముట్టుకోలే."

"మరి ఆ ట్రాక్టర్లు? ఆ పొగ?"

"అది అక్క పొగ కాదు గదా మేడం!"

ఇంకేముంది, ఆవిడ ఓర్పు తెగిపోయింది. "బండి లాగడానికేనయ్యా ఇంజన్ ఉంది! ఎక్కండి! నడపండి! ఒక్క క్షణం కూడా ఆపొద్దు!" అని కేకేసింది.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు మద్దిలేటి ఒక్క దూకులో ఎక్కాడు. నెలరోజులుగా పెద్దక్కని నడపలేక అతని చేతులు దురదపెడుతున్నాయి. నెల కిందటే నింపి వెనక తగిలించిన పది బోగీల రాయిని పెద్దక్క అలవోకగా లాగింది. ఎత్తు దగ్గర మూలగలేదు. మద్దిలేటి పచ్చటి అద్దం పక్కనుంచి తల బయటపెట్టి ఈలలు వేశాడు. వెనకే ఆవిడ జీపు. క్రషర్ వచ్చింది. కూలీలు చేతులు ఊపారు. మద్దిలేటి కూడా చెయ్యి ఊపాడు, ఆపలేదు. దుంగలు ఫెళ్ళుమన్నాయి. పట్టాలు అయిపోయాయి. పెద్దక్క శనగచేలోకి దిగి, నల్లరేగడిలో చక్రాలు మునిగేదాకా వెళ్ళి, ఇక వెళ్ళలేక నిలబడింది. ఇంజన్ మాత్రం ఆగలేదు, హాయిగా తిరుగుతూనే ఉంది.

ఫర్జానా మేడం చెప్పులు చేతపట్టుకుని గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది. మద్దిలేటి కిటికీలోంచి వంగి, పొగగొట్టం వైపు వేలు చూపించాడు.

"చూడండి మేడం, చుక్క పొగ లేదు!" అన్నాడు. "ఇంగ ఇట్లనే ఉంచమంటారా?"