అమ్మకొకటి

అనగా అనగా, దేవుళ్ళు మధ్యాహ్నం క్యారియర్ భోజనం తినే ఊరొకటి ఉండేది. అక్కడ రాజులు సాయంత్రమయ్యేసరికి కిరీటాలు తీసి పెట్టెలో పెట్టేసేవారు. రాక్షసులు కోరలు ఊడదీసుకుని టీ తాగేవారు. సినిమాలు తీసే ఊరు మరి! ఆ ఊళ్ళో సినిమా ఆఖరి రోజున స్టిల్ ఫొటో తీసేటప్పుడు ఇప్పటికీ అందరూ కలిసి "అమ్మకొకటి!" అని అరుస్తారు. ఎవరి అమ్మకి, ఏమిటా ఒకటి అంటే అరిచినవాళ్ళకే తెలీదు. నాకు తెలుసు. చెప్తాను, వినండి.

గవరయ్య అని ఒక స్టిల్ ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. షాట్ బాగా వచ్చిందని డైరెక్టరు అనగానే, అందరూ ఎక్కడివాళ్ళక్కడ కదలకుండా నిలబడాలి. గవరయ్య గబగబా ముందుకొచ్చి, మెడలో వేలాడే పెట్టె కెమెరాలోకి తల వంచి చూసి, టిక్కుమనిపించేవాడు. గోడల మీద పోస్టర్లలో మనం నోరు తెరుచుకుని చూసే బొమ్మలు అవే. సినిమా తీసినవాడికి పేరొస్తుంది, ఆడినవాడికి పేరొస్తుంది. పోస్టరు మీది బొమ్మ తీసిందెవరయ్యా అని ఎవరైనా అడుగుతారా?

అయితే గవరయ్యకి ఒక అలవాటుంది. టిక్కుమన్నాక తలెత్తి, "అది సినిమాకి. ఇంకొకటి మీ అమ్మకి!" అనేవాడు. రాజుతోనూ అదే మాట, రాక్షసుడితోనూ అదే మాట, లైట్లు మోసే మనిషితోనూ అదే మాట. అమ్మ పేరెత్తగానే ఎంతటి రాక్షసుడి మొహమైనా మెత్తబడేది. ఆ నవ్వు చెదిరిపోకముందే పట్టేసి, ఫొటో కడిగి, ఎవరిది వాళ్ళకిచ్చేవాడు.

గవరయ్యకీ ఒక అమ్మ ఉంది. పేరు సత్తెమ్మ, విజయనగరం వైపు మనిషి. కొడుకుతో పాటే ఆ ఊళ్ళో ఒక్క గదిలో కాపురం. పొద్దున్నే వాడి తలకి నూనె రాస్తూ అడిగేది.

"ఒరే గవరా, ఊరందరి అమ్మలకీ పొటోలు ఇత్తన్నావు. మరి నాకు నీ పొటో ఏదిరా?"

"రోజూ నన్ను సూత్తానే ఉన్నావు గదే అమ్మా. మళ్ళీ పొటో ఎందుకే?"

ఉగాదికి అడిగింది. దసరాకి అడిగింది. దీపావళికీ అడిగింది. వాడు నవ్వి తప్పించుకున్నాడు. ఆ తరవాతి వానాకాలంలో జ్వరమొచ్చి, గవరయ్య పోయాడు.

సత్తెమ్మ కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఏడుపు కాస్త తెరిపిచ్చాక ఇంకో భయం పట్టుకుంది. కొడుకు మొహం చెరిగిపోతోంది! వాడి బుగ్గ మీది పుట్టుమచ్చ కుడివైపా, ఎడమవైపా? ఎంత తలచుకున్నా తేలలేదు. కన్నతల్లికే గుర్తులేకపోతే లోకంలో ఇంకెవరికి గుర్తుంటుందని ఆమె గుండె జారిపోయింది. కొంగు బిగించి తిన్నగా స్టూడియోకి నడిచింది.

"బాబూ, మా గవరడి పొటో ఒకటుంటే ఇయ్యండి."

అన్నేళ్ళలో గవరయ్యకి ఎవరూ ఒక్క ఫొటో తీయలేదు. అందరూ సిగ్గుపడి, వాడు తీసిన స్టిల్సన్నీ ముందేసుకుని వెతికారు.

రాణిగారు అద్దం ముందు బొట్టు పెట్టుకుంటున్న స్టిల్ దొరికింది. అద్దంలో ఓ మూల గవరయ్య ఉన్నాడు! ఉన్నాడు గానీ కెమెరాలోకి తల వంచి ఉన్నాడు. నడినెత్తిన రెండు సుడులు తప్ప ఏమీ కనబడలేదు.

"ఇది నాను నూని రాసిన తలే. మొకమేదిరా నాయనా?" అంది సత్తెమ్మ.

ఇత్తడి బిందె ఉన్న స్టిల్ దొరికింది. బిందె మీద గవరయ్య పొట్ట బానంత, తల నిమ్మకాయంత. సత్తెమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.

హీరోయిన్ కళ్ళని దగ్గరగా తీసిన స్టిల్ దొరికింది. భూతద్దం పెట్టి చూస్తే కంటిపాపలో నువ్వుగింజంత మనిషి. అక్కడా తల వంచే ఉన్నాడు.

"పోన్లెండి బాబూ," అని సత్తెమ్మ లేచింది.

"ఆగమ్మా!" అన్నాడు భూపతి. రాక్షస వేషాలు కట్టే భూపతి. కొమ్ములతోనే ఇంటికి పరుగెత్తి, వాళ్ళమ్మ గోడకి తగిలించుకున్న ఫొటో ఊడదీసుకొచ్చాడు. అందులో కోరలున్నాయి, గద ఉంది, వాటి మధ్య చంటిపిల్లాడి నవ్వు ఉంది.

సత్తెమ్మ ఆ నవ్వుని చాలాసేపు చూసింది. "ఎవుర్ని సూసి నవ్వుతన్నావు బాబూ?"

"మీ గవరయ్యనే. 'మీ అమ్మకి' అన్నప్పుడు మాత్రం కెమెరాలోకి చూసేవాడు కాదమ్మా. తలెత్తి, మమ్మల్ని చూసి నవ్వుతూ నొక్కేవాడు. నవ్వితే కుడి బుగ్గ మీది మచ్చ పైకి పోయేది."

"కుడేపా?"

"కుడివైపే," అన్నాడు మేకప్ మనిషి. "కుడివైపే," అన్నాడు లైట్లు మోసే మనిషి.

అంతే, తలా ఒక దిక్కు పరుగెత్తి ఎవరి ఫొటో వాళ్ళు తెచ్చారు. సెట్టు గోడకి వరసగా ఆనించారు. సత్తెమ్మ వాటి ముందు నిలబడింది. రాజులు, రాక్షసులు, వంటవాళ్ళు అందరూ ఆమెనే చూసి నవ్వుతున్నారు. కొడుకు నిలబడ్డ చోట తను నిలబడిందని ఆమెకి అప్పుడు తెలిసింది. వాడి మొహం మచ్చతో సహా తిరిగొచ్చింది.

ఆ రోజు అక్కడ తీస్తున్న సినిమాకి ఆఖరి రోజు. దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టబోతున్నారు. గవరయ్య స్థానంలో వచ్చిన కొత్త ఫొటోగ్రాఫరు కెమెరాలోకి తల వంచాడు. వాడి నడినెత్తి చూసి సత్తెమ్మ ఉలిక్కిపడింది.

"ఆగండర్రా! ఈ బాబుకి పొటో తీసినారేటి?"

అందరూ తలలు అడ్డంగా ఊపారు.

"ముందు ఈడికి తియ్యండి. ఈడికీ ఓ అమ్మ ఉంటాది. తలెత్తు నాయనా!"

భూపతి కెమెరా లాక్కుని టిక్కుమనిపించాడు. ఆ తరవాతే గుమ్మడికాయ పగిలింది.

ఇప్పుడు సత్తెమ్మ లేదు, పెట్టె కెమెరాలూ లేవు. కానీ ఆ ఊళ్ళో ఆఖరి రోజున గుమ్మడికాయ పగలాలంటే, ముందు స్టిల్ ఫొటోగ్రాఫర్ చేతిలోంచి కెమెరా లాక్కోవాల్సిందే. వాడు సిగ్గుపడి తల దించుకుంటాడు. అప్పుడు హీరో దగ్గర్నుంచి టీ ఇచ్చేవాడి దాకా ఒక్క గొంతుతో అరుస్తారు.

"తలెత్తు నాయనా! అమ్మకొకటి!"